చర్చ: తినే పంటతో ప్లాస్టిక్ చేయడం సబబేనా?

గుంటూరు_సుధ:
2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో తయారుచేసిన సంచుల కౌంటర్ పెట్టినప్పుడు మొక్కజొన్న పిండితో కవర్లు చేయొచ్చని చాలామందికి తెలిసింది. ఇప్పుడు యూపీలోని కుంభీలో బలరాంపూర్ చీనీ మిల్స్ చెరకు నుంచి పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీయడానికి ఏడాదికి 80 వేల టన్నుల ఫ్యాక్టరీ తలపెట్టింది. నాకైతే మంచి పనే అనిపిస్తోంది. ముడిచమురు తవ్వేకొద్దీ తరిగేదే, పంట ఏటా చేతికొస్తుంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

గోదారి_కోళ్లు:
నేను కాదంటానండి. మాది అనపర్తి దగ్గర లేయర్ ఫారం, అంటే గుడ్లు పెట్టే కోళ్లది. మేతలో సగం దాకా మొక్కజొన్నే. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ చేసేవాళ్లు ఎగబడి కొనడం మొదలెట్టాక 2024లో దేశం మయన్మార్, ఉక్రెయిన్ నుంచి గింజ తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు సంచులకీ అదే గింజ కావాలంటే మేం గుడ్డు ఎంతకి అమ్మాలండి?

పాలిమర్_రవి:
కోళ్ల అన్నగారూ, మీ కోపం న్యాయమే, కానీ దాన్ని ఇథనాల్ మీద చూపించాలి. ప్రపంచమంతా ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్ తయారవుతుంటే అందులో ఇలాంటి బయోప్లాస్టిక్ ఒక్క శాతం కూడా లేదు. ఇప్పటికిప్పుడు మీ మేతకు దాని వల్ల వచ్చిన కరువేమీ లేదు. రేపు పెరిగితే మాత్రం లెక్క మారుతుంది. మొక్కజొన్న నుంచి తీస్తే కిలో పీఎల్‌ఏకి సుమారు రెండున్నర కిలోల గింజ పడుతుంది.

నా అభ్యంతరం వేరే. మొక్క నుంచి వచ్చిందంటే మట్టిలో కలిసిపోతుందని జనం అనుకుంటున్నారు. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ కంపెనీ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో పాలిథీన్ చేస్తోంది. అది మామూలు పాలిథీనే, వందేళ్లయినా కుళ్లదు. దీనికి తలకిందులుగా, మొక్కజొన్న పిండితో చేసే సంచుల్లో సాగుడు కోసం కలిపే పీబాట్ అనే ప్లాస్టిక్ మట్టిలో కలుస్తుంది గానీ, ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది! ఇక పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, వేడి టీ పోస్తే కప్పు సొట్టపోతుంది. అది కుళ్లాలన్నా అంతే వేడి కావాలి. కంపోస్టబుల్ అని ముద్ర వేసే పరీక్షలో 58 డిగ్రీల దగ్గర ఉంచి, 180 రోజుల్లో 90 శాతం కరగాలంటారు. మన ఊరి చెత్తదిబ్బకి అంత వేడి ఎక్కడిది?

తిరుపతి_కొట్టు:
నేను అమ్మే మనిషిని, నా గోడూ వినండి. మామూలు సంచి మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలి, కంపోస్టబుల్ అయితే ఆ నిబంధన లేదు. అందుకని పలచటివే వస్తాండాయి. ఎండాకాలం గోడౌన్‌లో పెట్టిన కట్ట విప్పితే మడత పెట్టినచోటల్లా చీలికలు. కిలో టమాటా వేస్తే అడుగు ఊడింది. ఇంకో తంటా ఏమంటే, ఆకుపచ్చ అక్షరాలతో ‘కంపోస్టబుల్’ అని కొట్టి మామూలు కవరే అంటగట్టేవాళ్లు. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ నంబరు లేనిది నేను తీసుకోను. రేటు అడగొద్దు.

గుంటూరు_సుధ:
సంచి సంగతి ఒప్పుకుంటా. మరి మొక్కల చుట్టూ నేల మీద పరిచే మల్చింగ్ షీటో? మిర్చి, పుచ్చ తోటల్లో పంటయ్యాక ఆ షీటు పీకడానికి కూలీలు దొరకరు. లాగితే పేలికలై చేతికొస్తుంది. మిగిలింది మరుసటేడు దుక్కిలో గొర్రు పళ్లకి చుట్టుకుంటుంది. భూమిలోనే కరిగే షీటుంటే రైతుకు ఎంత హాయి!

పాలిమర్_రవి:
అది నేనూ ఒప్పుకుంటా, సుధ గారూ. మట్టిలో ఉండాల్సిన వస్తువు మట్టిలోనే కరగాలి. దానికి యూరప్‌లో 2018 నుంచి వేరే ప్రమాణమే ఉంది. మామూలు నేల వేడిలోనే రెండేళ్లలో 90 శాతం పోవాలి. ధర మాత్రం మామూలు షీటు కంటే చాలా ఎక్కువ, సబ్సిడీ లేకుండా ఎవరూ కొనరు.

అసలు పంట నుంచి రసాయనాలు తీయాలంటే ఆముదం వైపు చూడాలంటాను. ఆముదం నూనెలో దాదాపు 90 శాతం రిసినోలిక్ అనే ఆమ్లమే. దాంతో ఫ్రెంచి కంపెనీ ఆర్కెమా రిల్సాన్ పేరుతో నైలాన్-11 అనే ప్లాస్టిక్ చేస్తుంది. లారీల ఎయిర్ బ్రేక్ గొట్టాలు దాంతో చేస్తారు. గాలి నుంచి మొక్క పీల్చిన కార్బన్ ఆ గొట్టంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అరగంట వాడి పారేసే కవరుకి పంట ధారపోయడం కన్నా ఇది నయం కదా? పైగా ఆముదం గింజ కోళ్ల మేతకూ పనికిరాదు, మన తిండికీ పనికిరాదు.

గోదారి_కోళ్లు:
దానికి నా ఓటు ఉందండోయ్ 😀

పాలమూరు_రైతుబిడ్డ:
రవన్నా, చదువుతుంటే మంచిగనే ఉంది. మా నాయిన కాలంల మా దిక్కు ఎటు చూసినా ఆముదం చేన్లే. ఎందుకు పోయినయో ఎవలన్న అడిగిన్రా? గెల ఏసినంక నాలుగొద్దులు ముసురు పట్టిందంటే బూజు తెగులొచ్చి కాయలన్ని కుళ్లిపోతయి. నామాల పురుగు పడితే ఆకుల ఈనెలు తప్ప ఏం మిగలవు. అన్ని తట్టుకొని పండిస్తే, నూనె మిల్లులు శానమట్టుకు గుజరాత్‌లనే ఉండె, ఈడ రేటు చెప్పేటోడు కమీషన్ ఏజెంటే. అందుకే పత్తికి పోయినం.

పాలిమర్_రవి:
పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఆముదంలో హైబ్రిడ్లు తెచ్చారు కదా తమ్ముడూ, అవి వేసి చూశారా?

పాలమూరు_రైతుబిడ్డ:
విత్తనం కాదన్నా సమస్య, ముసురుకు ఏ హైబ్రిడ్ అయినా గంతే. యాసంగిల నీళ్లుంటే బూజు భయం తక్కువ, దిగుబడి గూడ మంచిగొస్తది, కాని నీళ్లున్నోడు వరి ఏస్తడు, దానికి మద్దతు ధర ఉంది గాబట్టి. ఆముదానికి అదిగూడ లేదు. గొట్టాల కంపెనీ ఎవలైనా సరే, ఇత్తనం ఏసేకంటె ముందే క్వింటాల్ రేటు కాయితం మీద రాసియ్యమను, రెండెకరాలు నేనే ఏస్త.