కొత్త డై ఉన్నా పాత డైతోనే కోత: అడ్డంకి ఎక్కడ?

ప్రెస్ షాపు యజమాని:
జీడిమెట్లలో మాకు రేకును యంత్రాలతో ముక్కలుగా కోసే చిన్న ప్రెస్ షాపు ఉంది. రేకులో తుక్కు తగ్గేలా, ముక్కలు దగ్గరదగ్గరగా పడే డైని (కోత అచ్చును) ఆరు నెలల క్రితం చేయించాను. నేను పక్కన నిలబడితే ఆపరేటర్లు దానితోనే కోస్తారు, ఆఫీసు గదిలోకి వెళ్లగానే పాత డై బిగిస్తారు. అడిగితే "చేతికి అలవాటు కాలేదు సార్" అంటారు. శిక్షణ చాలలేదంటారా, లేక మేము పని నడిపించే తీరులోనే లోపం ఉందా?

అర్థశాస్త్ర విద్యార్థిని:
పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ పరిశ్రమలో పరిశోధకులు సరిగ్గా ఇదే పరిస్థితిని చూశారండి. బంతికి 20 షడ్భుజాలు, 12 పంచభుజాలు కావాలి. షడ్భుజాలు తేనెపట్టు గదుల్లా సందు లేకుండా అమరుతాయి కానీ, పంచభుజాల మధ్య రెగ్జిన్ వృథా అవుతుంది. ఆ వృథాను తగ్గించే డైని 2012లో 35 సంస్థలకు ఉచితంగా ఇచ్చినా, పదిహేను నెలల తర్వాత వాటిలో 5 మాత్రమే దాన్ని ఉత్పత్తిలో వాడుతున్నాయి. కోసేవారికి ముక్కల లెక్కన కూలి; కొత్త డైతో మొదట్లో చేయి నెమ్మదిస్తుంది, ఆదా అయిన రెగ్జిన్ లాభం మాత్రం యజమానిది. అందువల్ల కొందరు పనివారు డై బాగాలేదనే యజమానులకు చెప్పారు. ఆ తర్వాత కొన్ని సంస్థల్లో, కొత్త డైతో పని చేసి చూపిన పనివారికి సుమారు ఒక నెల కూలిని బహుమతిగా ఇస్తే, అక్కడ వాడకం స్పష్టంగా పెరిగింది. అంత చిన్న మొత్తం యజమానులే ఇవ్వగలిగేవారు కదా, ఎందుకు ఇవ్వలేదన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

విశ్రాంత ఫోర్‌మన్:
మీ దగ్గర కూడా ముక్కల కూలే అయితే ఆపరేటర్లను తప్పుపట్టకండి. బాలానగర్‌లో నేను పనిచేసిన షాపులో ఒక ఆపరేటరు రోజూ ప్రెస్ పక్క గోడ మీద సుద్దముక్కతో ముక్కల లెక్క రాసుకునేవాడు. కొత్త డై వచ్చిన వారం ఆ అంకె తగ్గిపోతుంటే అతని ముఖం చూడలేకపోయాను. నేర్చుకునే రోజుల్లో గత మూడు నెలల సగటు కూలికి హామీ ఇవ్వండి. సూపర్‌వైజరును కూడా రోజువారీ ముక్కల సంఖ్యతోనే కొలుస్తుంటే, పాత డై బిగించమని చెప్పేది ఆయనే కావచ్చు.

ప్రెస్ షాపు యజమాని:
కూలి రిజిస్టరు తీసి చూశానండి. కొత్త డై వాడిన రోజుల్లో అందరికీ కూలి తగ్గింది. ఇన్నాళ్లూ నేను తుక్కు బరువే చూశాను. సోమవారం నుంచి సగటు కూలి హామీ ఇస్తాను, తుక్కు ఆదాలో వాటా కూడా ఇద్దామనుకుంటున్నాను. ఆపరేటరు వారీగా తూచమంటారా?

విశ్రాంత ఫోర్‌మన్:
వద్దు, షిఫ్టు వారీగా తూచండి. రేకు అందించే హెల్పరుకూ అందులో వాటా రావాలి.