ప్యాచింగ్ (సర్వర్లకి అప్‌డేట్లు ఎక్కించడం) ఆటోమేట్ చేస్తే రీబూట్‌ల సంగతి ఎలా చూస్తున్నారు?

కొత్త అడ్మిన్:
మా దగ్గర నలభై దాకా సర్వర్లున్నాయి, కొన్ని రెడ్‌హ్యాట్, కొన్ని ఉబుంటు, ఓ మూల పాత సోలారిస్ 11 కూడా. ఇన్నాళ్లూ ఒక్కోదాంట్లోకి లాగిన్ అయి చేత్తో అప్‌డేట్ చేస్తున్నాం, ఇప్పుడు అన్సిబుల్‌కి (చాలా సర్వర్లకి ఒకేచోట నుంచి పని చెప్పే టూల్) మారమంటున్నారు. ప్లేబుక్ (చేయాల్సిన పనుల వరస ఉండే ఫైలు) రాసేస్తాను గానీ ఒక్క కమాండ్‌తో అన్నీ ఒకేసారి పడుకుంటే ఏంటి గతి అని టెన్షన్. పైగా రీబూట్ మాటెత్తితే అప్లికేషన్ టీమ్ ఒప్పుకోదు. ప్యాచ్ ఎక్కిస్తే సరిపోదా?

రాత్రి డ్యూటీ:
సరిపోదండీ. డిస్క్ మీద ఫైలు మారుతుంది అంతే, నడుస్తున్న ప్రాసెస్ మాత్రం మెమరీలో పాత లైబ్రరీనే పట్టుకుని ఉంటుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని అప్‌డేట్ చేసి వెబ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేయకపోతే రిపోర్టులో కొత్త వెర్షనే కనబడుతుంది, లోపం ఎక్కడిదక్కడే. అలాగని ప్రతిసారీ రీబూట్ అక్కర్లేదు. రెడ్‌హ్యాట్‌లో నీడ్స్-రీస్టార్టింగ్ కమాండ్‌కి -r ఆప్షన్ ఇస్తే రీబూట్ కావాలో వద్దో చెప్తుంది, ఉబుంటులో అయితే /var/run కింద రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు ఉందేమో చూడండి. అది చూపించి అడిగితే టీమ్ కూడా కాదనలేదు.

షెల్ ప్రేమి:
అన్నీ ఒకేసారి పడకూడదంటే ప్లేబుక్‌లో సీరియల్ (ఒక్కో విడతలో ఎన్ని సర్వర్లో చెప్పే సెట్టింగ్) పెట్టాల్సిందే. అది లేకపోతే ఒక్కో టాస్క్ అన్ని సర్వర్ల మీదా అయ్యాకే తర్వాతిదానికి వెళ్తుంది, అంటే రీబూట్ టాస్క్ వచ్చేసరికి క్లస్టర్‌లో (కలిసి ఒకే సర్వీసు నడిపే సర్వర్ల గుంపులో) ఉన్నవన్నీ వరసగా దిగిపోతాయి. సీరియల్ 1తో మొదలుపెట్టి, మ్యాక్స్ ఫెయిల్ పర్సెంటేజ్ 0 పెడితే ఒక్కటి ఫెయిలైనా అక్కడితో ఆగుతుంది. ఇంకోటి, అన్సిబుల్ రీబూట్ మాడ్యూల్ మామూలుగా 600 సెకన్ల దాకా ఆగుతుంది, కానీ అది చూసేది మెషిన్ లేచిందా అనే, అప్లికేషన్ లేచిందా అని కాదు. ఆ చెక్ మీరే రాసుకోవాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

రాత్రి డ్యూటీ:
సోలారిస్ గురించి బెంగ వద్దు, నిజానికి వెనక్కి రావడం అందులోనే సులువు. పెద్ద అప్‌డేట్ కొత్త బూట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి (సిస్టమ్‌కి విడిగా ఉండే ఇంకో కాపీలోకి) వెళ్తుంది, తేడా వస్తే పాతదాన్ని యాక్టివేట్ చేసి రీబూట్ కొట్టడమే. రెడ్‌హ్యాట్ ప్యాకేజీ టూల్ డీఎన్ఎఫ్‌లో హిస్టరీ అన్‌డూ ఉంది గానీ పాత ప్యాకేజీలు రెపోలో (ప్యాకేజీలు దించుకునే చోట) ఉంటేనే పనిచేస్తుంది. దాన్నే నమ్ముకోకుండా ముందే స్నాప్‌షాట్ (ఆ క్షణంలో సిస్టమ్ ఎలా ఉందో దాని కాపీ) తీసుకోండి.

కొత్త అడ్మిన్:
థాంక్స్ అండీ. డేటాబేస్ సర్వర్లని కూడా ఇదే ప్లేబుక్‌లో కలపొచ్చా?

షెల్ ప్రేమి:
వేరే గ్రూపుగా పెట్టండి. స్టాండ్‌బైలు (రిజర్వులో ఉండే కాపీ సర్వర్లు) ముందు, అసలు పని చేసే ప్రైమరీ ఆఖర్న. మొదట్లో స్విచ్‌ఓవర్ (ప్రైమరీ పనిని స్టాండ్‌బైకి మార్చడం) మాత్రం చేత్తోనే చేయండి.