శంషాబాద్ నుంచి గుల్‌మార్గ్‌కి స్కీలు: ప్యాకింగ్ ఎలా?

కూకట్‌పల్లి కుర్రాడు: జనవరిలో స్కీయింగ్‌కి ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అక్కడి నుంచి గుల్‌మార్గ్ వెళ్తున్నా. స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు), బూట్లు, పోల్స్ (చేతికర్రలు) అన్నీ సొంతవే. చెక్-ఇన్‌లో వేస్తే విరుగుతాయేమోనని ఒకటే టెన్షన్. ఎవరైనా తీసుకెళ్లారా?

మంచుపిచ్చి: నేను రెండుసార్లు తీసుకెళ్లా అన్నా. రెండు స్కీలూ అడుగు భాగాలు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో పాత తువ్వాలు వేసి, స్ట్రాప్‌తో బిగించు. కొనలకీ బైండింగులకీ (స్కీ మీద బూటు బిగించే క్లిప్పులు) జాకెట్లు, స్వెటర్లు చుట్టేస్తే వేరే ఫోమ్ అక్కర్లేదు (మన ఊళ్లో ఆ స్వెటర్లకి ఇంకో పనేముంది!). పోల్స్ క్యాబిన్‌లోకి రానివ్వరు, స్కీల బ్యాగులోనే పెట్టెయ్. బూట్లు మాత్రం వీలైతే చేతి సామానులోనే ఉంచుకో, స్కీలు ఆలస్యమైనా అక్కడ అద్దెకి దొరుకుతాయి, పాదానికి అలవాటైన బూటు దొరకదు. పోయినసారి నా బ్యాగు ఒకరోజు లేటుగా వచ్చింది, బూట్లుండబట్టి బతికిపోయా.

సికింద్రాబాద్ అక్క: హీటెడ్ గ్లోవ్స్ (బ్యాటరీతో వెచ్చగా ఉండేవి) ఉంటే వాటి విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వెయ్యకు తమ్ముడూ, క్యాబిన్‌లోనే పెట్టుకోవాలి. బ్యాగు పొడవు, బరువు ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పు, కౌంటర్ దగ్గర గొడవ పడలేం. శ్రీనగర్‌లో తిరుగు ప్రయాణానికి తనిఖీలు ఎక్కువ, త్వరగా బయల్దేరు.

కూకట్‌పల్లి కుర్రాడు: థాంక్స్ అక్కా, అన్నా. తువ్వాలు అమ్మనడగాలి, ఇస్తుందో లేదో.