ఫాల్‌లో ఎర్రబడే పొదలు: బర్నింగ్ బుష్‌కు బదులుగా ఏవి నాటవచ్చు?

ఎడిసన్ పెరడు (ప్రశ్న):
న్యూజెర్సీలోని మా ఇంటి ముందు, తూర్పు వైపున, సుమారు ఎనిమిది అడుగుల వెడల్పు గల స్థలం ఖాళీగా ఉంది. అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ ఉండి, ఆపైన ఇంటి నీడ కమ్ముతుంది. నేల బంకమట్టి కావడం వల్ల వాన పడితే తడి త్వరగా ఆరదు. అక్టోబరులో మా వీధి చివరి బర్నింగ్ బుష్ వరుస నిప్పంటుకున్నట్టు ఎర్రబడడం చూసి అదే నాటాలనుకున్నాను గానీ, అది అడవుల్లోకి వ్యాపించే మొక్క అని విని ఆగాను. అంత ఎర్రగానూ మారి, మరీ ఎత్తు పెరగని పొదలను అనుభవమున్నవారు సూచించగలరా? జింకల బెడద కూడా ఉంది.

మట్టివాసన:
ఆగడమే మంచిదైంది. తూర్పు ఆసియా నుండి వచ్చిన ఆ మొక్క కాయలను పక్షులు తిని, గింజలను అడవుల్లో వదులుతాయి. అందుకే మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ వంటి రాష్ట్రాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. ఫాల్‌లో ఎర్రబడే మరో పొద, జపనీస్ బార్బెరీ జోలికి కూడా పోకండి. దాని దట్టమైన గుబురు కింద తేమ నిలిచి, లైమ్ జబ్బును మోసే పిడుదులకు ఆశ్రయమవుతుందని కనెటికట్‌లో జరిగిన పరిశోధనలు తేల్చాయి.

మీ నేలకు నా మొదటి ఎంపిక వర్జీనియా స్వీట్‌స్పైర్. సహజంగా వాగుల ఒడ్డున పెరిగే మొక్క కనుక తడికి జంకదు. మేరీ హెన్రీ 1954లో జార్జియా నుండి సేకరించిన ‘హెన్రీస్ గార్నెట్’ రకం మూడు నాలుగు అడుగులకు మించదు. వేసవి మొదట్లో తెల్లని పూలకంకులు వేలాడతాయి, ఆకులు ముదురు ఎరుపుకు తిరిగి చాలా రోజులు రాలకుండా నిలుస్తాయి. అయితే పిలకలు వేసి పక్కలకు పాకుతుంది కాబట్టి అంచుల్లో పిలకలను తవ్వి తీస్తూ ఉండాలి. వెనక వరుసకు రెడ్ చోక్‌బెర్రీ ‘బ్రిలియంటిస్సిమా’ సరిపోతుంది. అడుగు భాగం బోసిగా ఉంటుంది, ఎత్తు కూడా మీరు కోరినదానికంటే కాస్త ఎక్కువే, కానీ ఎరుపులో బర్నింగ్ బుష్‌కు తీసిపోదు. ఒకే ఆకులో పసుపు, నారింజ, ఎరుపు చూపే ఫోదర్‌గిల్లా నాకు అన్నిటికంటే ఇష్టమైనదే అయినా, నీరు నిలిచే చోట బతకదు.

ఏ పొద నాటినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పసుపు రంగు ఆకులో ముందునుంచే ఉండి, పత్రహరితం విరిగిపోగానే బయటపడుతుంది. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్‌ను మాత్రం చాలా మొక్కలు ఆ రుతువులోనే ఆకులోని చక్కెరలతో కొత్తగా తయారుచేసుకుంటాయి. అందుకు పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి అవసరం. నీడలో ఉన్న కొమ్మలు వెలిసిన గులాబీ రంగు దగ్గరే ఆగిపోయేది ఇందువల్లే. కాబట్టి ఎర్రబడే పొదలను ఎండ ఎక్కువగా పడే అంచుకు జరపండి, నడివేసవి దాటాక నత్రజని ఎరువు వేయకండి, ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన లేకపోతే నీరు పెట్టండి. లేకపోతే ఆకులు రంగు తిరగకుండానే మాడి రాలిపోతాయి.

పైన్‌ల్యాండ్స్:
న్యూజెర్సీలో ఉంటూ బ్లూబెర్రీని వదిలేయడం నాకు నచ్చలేదు. ఇక్కడి రైతు ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి పొదలనుంచి సాగు రకాలను రూపొందించి, తొలి పంటను 1916లో అమ్మింది ఇక్కడి వైట్స్‌బాగ్‌లోనే. హైబుష్ బ్లూబెర్రీ ఫాల్‌లో చక్కని ఎరుపుకు మారుతుంది, వేసవిలో పండ్లూ ఇస్తుంది. కాకపోతే దానికి ఆమ్ల నేల కావాలి, అంటే మట్టి పీహెచ్ 4.5 నుండి 5.5 మధ్య ఉండాలి. రట్‌గర్స్ విశ్వవిద్యాలయ మట్టి పరీక్షా కేంద్రానికి నమూనా పంపి, పీహెచ్ ఎక్కువుంటే దాన్ని తగ్గించేందుకు నాటడానికి కొన్ని నెలల ముందే గంధకం కలపండి. అది పనిచేయడానికి సమయం పడుతుంది. బంకమట్టిలో ఎత్తు మడి తప్పదు.

ఎడిసన్ పెరడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. స్వీట్‌స్పైర్, చోక్‌బెర్రీ ఖాయం చేసుకుంటాను. బ్లూబెర్రీ సంగతి మట్టి పరీక్ష తరువాత చూస్తాను. ఇప్పుడు, అక్టోబరులోనే నాటవచ్చా, లేక వసంతం దాకా ఆగాలా?

మట్టివాసన:
నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందయితే నిశ్చింతగా నాటవచ్చు. పైగా ఇప్పుడు నర్సరీలో ఆకు రంగును కళ్ళారా చూసి ఎంచుకోవచ్చు. గింజ నుండి మొలిచిన మొక్కల రంగు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటుంది కనుక, చీటీపై రకం పేరు ఉన్నవాటినే తీసుకోండి. మొదటి శీతకాలంలో జింకలు లేత కొమ్మలను కొరికేస్తాయి. ప్రతి మొక్క చుట్టూ తీగ వల కట్టి, వసంతంలో చిగుళ్ళు గట్టిపడ్డాకే విప్పండి.