వియత్నామీస్‌లో ‘డోకు వస్తోంది’ అనాలంటే?

హో చి మిన్ సిటీలో ఉంటున్నాను. మొన్న డాలాట్ ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కడుపులో తిప్పేసింది. పుస్తకంలో నేర్చుకున్న ‘బువొన్ నోన్’ అన్నాను. (బువొన్ అంటే దిగులు కూడానట! దిగులుగా ఉందనుకుంటారేమోనని భయపడ్డాను.) పక్కనున్న పెద్దావిడ ‘మక్ ఓయ్’ అని సరిదిద్ది, కవరు చేతికిచ్చింది.

‘నోన్’ ఉత్తరాది మాట, ‘ఓయ్’ దక్షిణాది మాట అని తెలిసింది. ‘మూఅ’ అని కూడా విన్నాను. అది మన ‘కక్కు’లా మోటుగా ఉంటుందా? పెద్దవాళ్ల ముందు అనొచ్చా? వాంతి కాకుండా ఉత్త ఓకరింతలే వస్తే డాక్టరుతో ‘నోన్ ఖాన్’ అంటే చాలా? ఇక్కడివాళ్లు మామూలుగా ఏమంటారు? తెలిసినవాళ్లు చెప్పండి, వచ్చే వారం మళ్లీ అదే బస్సు.