పాచికలతో నడిచే కామిక్‌ను పేజీల నుంచి స్క్రోల్‌కి మార్చాలా?

అడిగినవారు: గండికోట నేపథ్యంలో రోల్‌ప్లేయింగ్ ఆట పద్ధతి కామిక్ ఇది. నలుగురు పాత్రలు, వాళ్ల ప్రయత్నం ఫలించిందా లేదా తేల్చేది 20 ముఖాల పాచిక. ప్రతి భాగం చివర పాఠకులు రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు. పేజీలో పాచిక, ఫలితం ఒకేసారి కనబడి ఉత్కంఠ పోతోంది. ఎట్లా చేయాలన్నా?

పెన్నబండ (జవాబు): గండికోట లోయ నిలువుగానే ఉంది కదా, తెరను కిందికి జరుపుతూ చదివే స్క్రోలే సరి. 800 పిక్సెళ్ల వెడల్పు తీసుకొని, పాచిక విసిరిన ప్యానెల్ కింద 800 నుంచి 1000 పిక్సెళ్లు ఖాళీ వదలండి. తర్వాతే ఫలితం. అచ్చులో అయితే విసరడం కుడి పేజీ ఆఖరి ప్యానెల్‌లో ఉండాలి, ఫలితం పేజీ తిప్పాక. రెండూ కావాలంటే మాటల బుడగల్ని బొమ్మతో కలపకుండా వేరే లేయర్‌లో (విడి పొరలో) పెట్టండి, అప్పుడు జరుపుకోవచ్చు. తెలుగు వత్తులు కింది వరుసకు తగులుతాయి, వరుసల ఎడం అక్షరానికి ఒకటిన్నర రెట్లు ఉంచాలి.

బెలుం దారి (ఇంకో జవాబు): అసలు చిక్కు ఫార్మాట్ కాదు, కథలో చీలే కొమ్మలు. భాగానికి రెండు దారులైతే ఐదు భాగాలకే 32 కథలు! ఓటుతో ఓడిన దారిని గీయొద్దు. లేదా రెండు భాగాలకొకసారి దారులు కలిపేసి ఎంచుకున్న దారి గుర్తుగా గాయం, అప్పు, పోయిన దివిటీ లాంటివి మాత్రం మిగల్చండి.

పాచిక కూడా మార్చండి. 20 ముఖాలదైతే 1 అయినా 20 అయినా అవకాశం 5 శాతమే, కథ గాలివాటుగా పోతుంది. రెండు ఆరుముఖాల పాచికలు కలిపితే 10, ఆపైన పడేది 36లో 6 సార్లే. 7 నుంచి 9 దాకా 15 సార్లు. ఆ మధ్యదాన్ని ‘గెలుపే, కానీ నష్టంతో’ అనుకోండి. కథంతా అక్కడే పుడుతుంది.

అడిగినవారు: ఓటు ముందా, పాచిక ముందా?

బెలుం దారి: ఓటే ముందు. పాచిక తర్వాత ఓటు పెడితే అందరూ క్షేమమైన దారే పడతారు.