1978 అంబాసిడర్: సెల్ఫ్ కొడితే ‘టక్’ అని ఊరుకుంటోంది

కాకినాడ_అంబీ:
నాన్నగారి మార్క్ 3, పెట్రోలు, 1489 సీసీ. రెండు వారాలుగా సెల్ఫ్ కొడితే బానెట్ కింద ‘టక్’ అని ఒక్క చప్పుడు, అంతే. పదిసార్లు కొడితే ఒకసారి మూలుగుతూ తిరుగుతుంది. హ్యాండిల్ వేస్తే రెండో చుట్టుకే అందుకుంటోంది, కాబట్టి ఇంజను బాగానే ఉంది. బ్యాటరీ సంక్రాంతికి కొన్నదే, మీటరు 12.6 చూపిస్తోంది. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు, బుష్షులు మార్పించాను. అదే టక్. ఇప్పుడు మెకానిక్ ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ట) పోయింది, రీవైండింగ్ చేయించమంటున్నాడు. మొన్న అన్నవరంలో కొండ దిగాక మా ఆవిడా అత్తగారూ పట్టుచీరల్లో బండి తోశారు. ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను. ఇంకో వింత, నిన్న చోక్ నొక్కుతుంటే, డ్యాష్‌బోర్డు నుంచి ఇంజను మీది కార్బురేటర్‌కి వెళ్లే దాని తీగ చుర్రుమంది.

తణుకు_మార్క్2:
బెండిక్స్ పినియన్, అదే సెల్ఫ్ ముందుండే పళ్ళచక్రం, ఇంజను ఫ్లైవీల్ పళ్ళలో ఇరుక్కుని ఉంటుందండీ. ఇగ్నిషన్ ఆపి, టాప్ గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. లేదా సెల్ఫ్ వెనక చిన్న మూత తీస్తే షాఫ్టు కొస నలుపలకలుగా ఉంటుంది, స్పానర్‌తో తిప్పితే వదిలేస్తుంది. బెండిక్స్‌కి నూనె మాత్రం రాయకండి. క్లచ్ దుమ్మంతా పట్టేస్తుంది.

డిపో_బాబాయ్:
ఇరుక్కుంటే హ్యాండిల్ అంత తేలిగ్గా తిరగదు తమ్ముడూ. నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. రీవైండింగ్‌కి ఇవ్వకు, ఆగు. ముందు ఒకటి చెప్పు: హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొడితే డిమ్ అవుతున్నాయా? క్లచ్ పనేమైనా చేయించావా ఈమధ్య?

కాకినాడ_అంబీ:
లైట్లు అలాగే వెలుగుతున్నాయి బాబాయ్, కొంచెం కూడా తగ్గలేదు. క్లచ్ ప్లేటు నెల కిందటే మార్పించాను. గేర్‌బాక్స్ దింపారు.

డిపో_బాబాయ్:
దొరికింది. లైట్లు తగ్గలేదంటే సెల్ఫ్ చాలినంత కరెంటు లాగడం లేదు. నీ బండిలో సోలెనాయిడ్, అంటే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్, బాడీ మీద ఉంటుంది, దానికి బాడీ ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి) చాలు, అందుకే టక్ అంటోంది. సెల్ఫ్ ఉండేది ఇంజను మీద. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రెంటికీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉండాలి. గేర్‌బాక్స్ దింపినప్పుడు విప్పి, తిరిగి బిగించి ఉండరు. పాపం ఆ కరెంటంతా చోక్ తీగ మీదుగా వెళ్తోంది. చుర్రుమనక ఏం చేస్తుంది!

నా మాట నమ్మక్కర్లేదు, కొలిచి చూడు. న్యూట్రల్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, ఇంజను అందుకోకుండా కాయిల్ వైరు పీకు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ పోస్టుకి, క్లాంపుకి కాదు, పోస్టుకే. రెండోది ఇంజను మీద రంగు లేని ఇనుముకి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. అర వోల్టు దాటిందంటే ఎర్త్ దొంగే. తర్వాత జంపర్ కేబుల్ ఒకటి మైనస్ నుంచి నేరుగా ఇంజనుకి పట్టించి కొట్టి చూడు.

తణుకు_మార్క్2:
చోక్ తీగ మాట నేను చదివి కూడా దాటేశాను. దండం బాబాయ్.

కాకినాడ_అంబీ:
ఆరు వోల్టులు! కేబుల్ పట్టించగానే గిర్రున తిరిగింది. కిందకి దూరి చూస్తే పట్టీ ఒక కొస గేర్‌బాక్స్ పక్కన వేలాడుతోంది, బోల్టు లేదు. గరుకు కాగితంతో రెండు వైపులా తోమి, స్టార్ వాషర్ వేసి బిగించాను. పొద్దున్నుంచి ఎనిమిదిసార్లు కొట్టాను, అన్నిసార్లూ అందుకుంది. ఒక్కటే మిగిలింది. చోక్ తీగ లోపల తొడుక్కి అతుక్కుపోయి కదలడం లేదు.

డిపో_బాబాయ్:
కాలి ఉంటుంది. కేబుల్ మొత్తం మార్చు, నూనె పోసి లాగకు, తెగుతుంది. 2014లో తయారీ ఆగినా ఇలాంటి చిల్లర సామాను ఇంకా దొరుకుతుంది. పాతది పట్టుకెళ్లి పొడవు చూసి తెచ్చుకో.